అమ్మేసే ముందు ఆ బండిని ఒకసారి అసలు రూపంలో నడపండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలల కిందట 650 సీసీ, రెండు సిలిండర్ల బండి కొన్నారు. మొదటి సర్వీసు కూడా కాకముందే సైలెన్సర్ పైపులతో సహా మొత్తం మార్చేశారు. ఇంజిన్‌కి గాలి వెళ్లే ఫిల్టర్ డబ్బా, అంటే ఎయిర్ బాక్స్, పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టారు. హ్యాండిల్ తీసి క్లిప్-ఆన్లు (ముందు ఫోర్కులకే బిగించే పొట్టి, కిందకి ఉండే హ్యాండిళ్లు) వేశారు. వెనక భాగం కోయించి ఒక్కరికే సరిపోయే సీటు పెట్టించారు. వెనక లావు టైరు, చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు. ఇప్పుడు మూడు నాలుగు వేల ఆర్పీఎం దగ్గర మిస్సింగ్ కొడుతోంది. అరగంట నడిపితే మణికట్లు లాగేస్తున్నాయి. మీ ఆవిడేమో "నాకు చోటే లేని బండి" అంటున్నారు. నెలకి రెండుసార్లు కూడా బయటికి తీయడం లేదు, రాత్రిళ్లు మాత్రం పెట్టిన ఖర్చంతా లెక్కేసుకుంటున్నారు. అమ్మేయాలా, పాత రూపానికి తేవాలా, అసలు కొనడమే తప్పా అని మూడు ప్రశ్నలు అడిగారు.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కొనడం తప్పో కాదో మీకింకా తెలియదు. మీరు కొన్న బండిని మీరు సరిగ్గా నడపనే లేదు. షోరూం నుంచి తెచ్చాక నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపి ఉంటారేమో, అవీ కొత్త ఇంజిన్ కుదురుకునే రన్నింగ్-ఇన్‌లో మెల్లగా. ఆ తర్వాత నడిపిందంతా వేరే బండి. మీకు నచ్చనిది ఆ రెండో బండి. అందుకే ఇప్పుడు అమ్మొద్దు అంటున్నాను.

నేను ఇరవై ఏడేళ్లుగా బళ్లు నడుపుతున్నాను, అందులో పదేళ్లకు పైగా వర్క్‌షాప్ కూడా నడిపాను. మార్పులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఎంతమందో, ఏడాది తిరిగేసరికి "ఎలా ఉన్నదాన్ని అలా చేసిపెట్టండి" అని వచ్చినవాళ్లూ దాదాపు అంతమందే అనిపించేది. వాళ్లలో మార్పు చేసినందుకు బాధపడినవాళ్లు తక్కువ. అన్నీ ఒకేసారి చేసినందుకు, వెనక్కి తీసుకోలేనిది చేసినందుకు బాధపడినవాళ్లే ఎక్కువ. మీరు రెండూ చేశారు. తిట్టడానికి చెప్పడం లేదు, నేనూ చేసినవాడినే.

నాది పాత కార్బురేటర్ బండి, అదీ రెండు సిలిండర్లదే. ముందుకు వంగి నడిపే పాతకాలం రేసు బండి రూపం, అంటే కేఫ్ రేసర్, చేద్దామని ఒక ఆదివారం గ్రైండర్ పట్టుకున్నాను. వెనక మడ్‌గార్డు, సీటు కింద ఫ్రేము చివర ఉండే వంపు, బ్యాటరీ డబ్బా అన్నీ సాయంత్రానికి నేల మీద ఉన్నాయి. రెండు కార్బురేటర్లకీ చెరో శంఖం లాంటి ఫిల్టర్ తగిలించాను. ఫొటోలో బండి అద్భుతంగా ఉండేది. నడిపితే కింది ఆర్పీఎంలో దగ్గు, పైన అరుపు, మధ్యలో ఏమీ లేదు. మొదటి వానకే ఫిల్టర్లు తడిసి నడిరోడ్డు మీద ఆగిపోయింది. మడ్‌గార్డు లేదు కాబట్టి నడుము నుంచి మెడ దాకా బురద చార పడింది. బండి తోసుకుంటూ ఇంటికి వస్తే మా అమ్మ ముందు చొక్కా వంక చూసింది, తర్వాత బండి వంక. ఏమీ అనలేదు. ఆ రోజు కోసిన ఫ్రేము ముక్క ఇప్పటికీ నా షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

సరే, మీ బండి సంగతికి వద్దాం.

మిస్సింగ్ గురించి ముందు చెబుతాను, మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది అదే. ఇంజిన్ పాడై ఉండకపోవచ్చు. పెట్రోలు సరిగ్గా కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి కావాలి. పూర్తి బలం కావాలంటే కొంచెం చిక్కగా, 12.5 నుంచి 13 దాకా. కంపెనీ ఈ లెక్కంతా ఆ ఎయిర్ బాక్స్‌కి, ఆ సైలెన్సర్‌కి సరిపోయేలా ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌లో, రాసిపెడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, ఆర్పీఎం ఎంత, గాలి వేడి, పీడనం ఎంత అన్నవి చూసుకుని ఈసీయూ ఆ పట్టిక ప్రకారం పెట్రోలు వదులుతుంది. మీరు గాలి దారినీ పొగ దారినీ మార్చేశారు. పట్టిక మాత్రం పాతదే. లోపలికి ఎక్కువ గాలి వెళుతున్నా పెట్రోలు పాత లెక్కలోనే పడుతోంది.

"సెన్సర్ ఉంది కదా, అదే సరిచేసుకుంటుంది" అని మీకు ఎవరో చెప్పారని రాశారు. సగం నిజం. పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ స్థిరంగా, తక్కువ యాక్సిలరేటర్ మీద వెళ్తున్నప్పుడే సరిదిద్దుతుంది, అదీ ఒక హద్దు వరకే. గట్టిగా తిప్పగానే ఈసీయూ సెన్సర్ మాట పక్కన పెట్టి పట్టికనే నమ్ముతుంది. ఇంకో చిక్కుంది. కొత్త పైపు ఇంజిన్‌కి కలిసే చోట గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే, ప్రతి పొగ తోపుకీ మధ్య బయటి గాలి లోపలికి లాగబడుతుంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుని అనవసరంగా ఇంకా పోయిస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపులో టపటపా పేలుతుందని మీరే రాశారు కాబట్టి నా అనుమానం ముందు ఆ అతుకు మీదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, అతుకు చుట్టూ సబ్బునీళ్లు పూయండి. వెనక సైలెన్సర్ నోటికి మందపాటి గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టండి. బుడగలు వస్తే దొంగ దొరికినట్టే. పైపు వేడెక్కకముందే చేయాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

ఎయిర్ బాక్స్ గురించి ఒక మాట. ప్లాస్టిక్ డబ్బాయే కదా, ఊపిరి బిగబడుతోంది, తీసేస్తే ఫ్రీగా గాలి ఆడుతుంది అని మనందరికీ అనిపిస్తుంది. అది వట్టి డబ్బా కాదు. దాని లోపలి ఘనపరిమాణం, ముక్కు గొట్టం పొడవు రెండూ కలిసి గాలి అలలను ఒక లయలో పెడతాయి. మీరు రోజూ వాడే మధ్య ఆర్పీఎంలో పికప్ రావడంలో దాని వాటా చాలా ఉంది. అది తీసేస్తే పైన ఎక్కడో ఒకటి రెండు హార్స్‌పవర్ పెరగవచ్చు, అదీ ట్యూనింగ్ చేయిస్తేనే. మధ్యలో మాత్రం లోయ ఏర్పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. శబ్దం పెరిగింది కాబట్టి వేగం పెరిగిందనిపిస్తుంది, చెవి మనల్ని మోసం చేస్తుంది. వర్క్‌షాప్‌లో ఇలాంటివాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో, యాభై నుంచి ఎనభైకి ఎన్ని సెకన్లు పడుతోందో ముందూ వెనకా చూసుకోండి అని. చూసుకున్నవాళ్లు చాలామంది మాట్లాడకుండా పాత డబ్బా బిగించమనేవారు.

కాబట్టి మొదటి పని: ఎయిర్ బాక్స్ వెనక్కి. సైలెన్సర్ అలాగే ఉంచి ఇది ఒక్కటే మార్చండి. ఒక వారం నడపండి. మిస్సింగ్ సగానికి పైగా తగ్గుతుందని నా నమ్మకం. ఇంకా మిగిలితే అప్పుడు పైపులు. రెండూ ఒకే రోజు మారిస్తే మీరు మళ్లీ పాత తప్పే చేసినవాళ్లవుతారు, దేనివల్ల ఏం బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. మీరు వేయించిన సైలెన్సర్ శబ్దం ఎంతో ఇష్టం, అది మాత్రం ఉంచుకుంటానంటే, ఇంజిన్ నుంచి వచ్చే పైపులు కంపెనీవి వేసి చివరి డబ్బా ఒక్కటే బయటిది పెట్టుకోండి. అప్పుడు గాలి లెక్క పెద్దగా చెడదు. మీ దగ్గర శబ్దానికి ఉన్న హద్దు మాత్రం చూసుకోండి. శబ్దం అంటే గుర్తొచ్చింది, చెవులకు 85 డెసిబెల్స్ ఎనిమిది గంటల పాటు సరిపోయే హద్దు అంటారు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. వందలో వెళ్తుంటే హెల్మెట్ లోపల ఒక్క గాలి హోరే 90 దాటేస్తుంది. దాని మీద మీ సైలెన్సర్ కూడా. దూర ప్రయాణాల తర్వాత ఒళ్లు నలిగినట్టు ఉంటోందని రాశారే, దాంట్లో దీని వాటా కూడా ఉంటుంది. ఇయర్ ప్లగ్స్ వాడండి, అసలు సైలెన్సర్ ఉన్నా సరే.

ఇక మణికట్లు. కేఫ్ రేసర్ రూపం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1950లు, 60లలో లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరే కుర్రాళ్ల బళ్లవి. ఆ కేఫ్ 1938లో మొదలైంది. వాళ్ల సరదా ఒకటే, గంటకు వంద మైళ్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు అందుకోవడం. ఒక కేఫ్ నుంచి ఇంకో చోటికి దూసుకెళ్లి తిరిగి రావడం. నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్ కూర్చోబెట్టి ట్రైటన్ అని పేరు పెట్టుకున్నది కూడా వాళ్లే. ఆ వేగంలో ఎదురుగాలి ఛాతీని పైకి తోస్తుంది, కాబట్టి చేతుల మీద బరువు ఉండదు. ఆ ప్రయాణాలు కూడా పొట్టివి. ట్రాఫిక్‌లో నలభైలో వెళ్లేవాడికి ఆ గాలి సాయం ఉండదు. తల, భుజాలు, ఛాతీ బరువంతా రెండు మణికట్ల మీద పడుతుంది. మీ ఒంట్లో లోపమేమీ లేదు. 160 కోసం పుట్టిన కూర్చునే తీరును మీరు నలభైలో వాడుతున్నారు.

పాత హ్యాండిల్ పెట్టేయండి. పెట్టేటప్పుడు ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. మీ క్లిప్-ఆన్ల కోసం యాక్సిలరేటర్ వైరు, క్లచ్ వైరు, బ్రేక్ గొట్టం పొట్టివి వేయించారా లేక పాతవే వంచి సర్దారా? పొట్టివి వేయించి ఉంటే ఎత్తైన హ్యాండిల్‌కి అవి చాలవు. ఇంకో బండి మీద నేను ఎత్తు హ్యాండిల్ వేసి వైర్లు పాతవే ఉంచాను. రోడ్డు మీద బాగానే ఉంది. ఇంటి ముందు యూ-టర్న్ కోసం హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పేసరికి వైరు దానంతటదే లాగుకుని ఇంజిన్ రేజ్ అయింది, బండి గోడ మీదికి ఉరికింది. క్లచ్ అందుకునే లోపు ముందు మడ్‌గార్డు పగిలింది. అందుకని బిగించాక మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆన్ చేసి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి నిదానంగా తిప్పండి. ఆర్పీఎం ముల్లు ఇసుమంత కూడా కదలకూడదు. మీ బొటనవేలికీ ట్యాంకుకీ మధ్య చోటు ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. బ్రేక్ గొట్టం మార్చాల్సి వస్తే గాలి తీయడం చేతనైనవాళ్లతోనే చేయించండి.

టైరు దగ్గర ఎక్కువ సాగదీయను. ప్రతి టైరు సైజుకీ సరిపోయే రిమ్ము వెడల్పు ఇంత నుంచి ఇంత అని టైరు కంపెనీయే ఇస్తుంది. సన్న రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుని, పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. చూడ్డానికి లావు, రోడ్డుకి ఆనేది మాత్రం అనుకున్నంత ఉండదు. మలుపులో బండి వాలనని మొండికేస్తోందని మీరన్నది ఇదే. పాత సైజు మళ్లీ వేయండి. కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

లైట్ల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బండి మీద కరెంటు మంటలు నేను కళ్లారా రెండుసార్లు చూశాను. రెండుసార్లూ కారణం ఒకటే. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, ఫ్యూజు లేని అదనపు లైటు. 40 వాట్ల లైటు లాగేది మూడున్నర ఆంపియర్లే కావచ్చు, కానీ ఆ వైరు ఫ్రేముకి రాసుకుని తొక్క ఊడిన రోజున బ్యాటరీలో ఉన్నదంతా ఒక్కసారిగా ఆ దారిలో వస్తుంది. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు, మధ్యలో రిలే (స్విచ్చు మీద భారం పడకుండా లైట్లకి కరెంటు కలిపే చిన్న పరికరం) లేకపోతే ఆ లైట్లు ఈ వారమే తీసేయండి. ఉంటే మల్టీమీటరు పెట్టి చూడండి. అన్ని లైట్లూ వేసి, ఇంజిన్ మూడు నాలుగు వేలలో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. ఐడిలింగ్‌లో 12.6 కంటే కిందకి పడిపోతూ ఉంటే మీ బండి సంపాదన కంటే ఖర్చు ఎక్కువ చేస్తోందన్నమాట. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు నిలబడ్డ రోజున సెల్ఫ్ తీసుకోదు. ఇండికేటర్లు గబగబా కొట్టుకోవడం మాత్రం జబ్బు కాదు. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ పది వాట్ల బల్బుల కోసం చేసింది, ఎల్‌ఈడీ లాగే కరెంటు చాలక బల్బు పోయిందనుకుంటుంది. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైనది, కోసిన ఫ్రేము.

ముందు ఇది చూసి చెప్పండి. వెనక షాక్ అబ్జార్బర్ల పై బోల్టు ఫ్రేముకి తగిలే చోటు ఉంటుంది కదా, కోత దానికి వెనక ఉందా, ముందుకి వచ్చిందా? వెనక ఉంటే ఊపిరి పీల్చుకోండి. అక్కడ ఫ్రేము మోసేది సీటు చివర, మడ్‌గార్డు, వెనక కూర్చున్నవారి బరువు. మీరు ఒక్కరే వెళ్తున్నంతవరకు వెంటనే వచ్చే ప్రమాదం తక్కువ. అయితే చివర రెండు గొట్టాలనూ కలిపే వంపు తీసేసి వాటిని అలా వదిలేస్తే కాలక్రమంలో అవి విడిపోతూ ఉంటాయి. అడ్డంగా ఏదో ఒకటి కలిపి ఉందో లేదో చూడండి. కోత ముందుకి వచ్చి షాక్ బోల్టు చుట్టుపక్కల గ్రైండర్ తగిలి ఉంటే ఆ బండి ఎక్కకండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

కొన్ని బళ్లకి ఈ వెనక ఫ్రేము బోల్టులతో బిగించి ఉంటుంది. అలాంటిదైతే కొత్తది కొని బిగించడమే, గంటల పని. మీ వర్ణనను బట్టి మీది మెయిన్ ఫ్రేముతో కలిపి వెల్డింగ్ చేసిందే అనిపిస్తోంది. అప్పుడు అతకాలి. అతకడం అంటే రెండు చివరలూ ఆనించి పైన వెల్డింగ్ గీత గీయడం కాదు. గొట్టం లోపలికి సరిగ్గా పట్టే ఇంకో గొట్టం ముక్కను దూర్చి, అటూ ఇటూ చిల్లులు చేసి వాటిలోంచి కూడా వెల్డింగ్ వేసి, అప్పుడు చుట్టూ అతుకు పెట్టాలి. బరువు లోపలి ముక్క మీదుగా వెళ్లాలి, పైన గీత మీదుగా కాదు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పాలి, ఈసీయూ కనెక్టరు పీకాలి. ఇది చెప్పకపోతే చాలామంది చేయరు. ఈసీయూ పోయాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఈ పని చేసేవాడు మీ బండి ఫ్రేము కొలతలు ముందుగా తీసుకుంటున్నాడా అన్నది గమనించండి. టేపు కూడా తీయకుండా వెల్డింగ్ రాడ్డు పట్టుకునేవాడైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నా బండికి ఈ పని అయ్యాక కూడా వెనక సీటు మీద ఎవరినైనా ఎక్కించుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ప్రతి సర్వీసుకీ ఆ అతుకు దగ్గర పెయింటు పగిలిందేమో అని టార్చి వేసి చూసేవాడిని. మీకూ అదే సలహా. పెయింటు మీద వెంట్రుక లాంటి గీత కనబడితే దాని కింద ఇనుము పగిలినట్టే అనుకోవాలి.

పాత సామాన్లు అమ్మేశానని ఎక్కడో ఒక వాక్యంలో అన్నారు. దానికి దిగులు పడొద్దు. కొత్త బండి కొన్నవాళ్లలో మొదటి నెలలోనే సైలెన్సరూ హ్యాండిలూ తీసేసేవాళ్లు మీలాగే ఎందరో ఉంటారు. అందుకే మార్కెట్లో అన్నిటికంటే తేలిగ్గా, చవగ్గా దొరికే పాత సామాను అసలు సామానే. అటకల మీద మూలుగుతూ ఉంటుంది. మీ మోడల్, తయారైన ఏడాది సరిపోతే చాలు.

అమ్మకం లెక్క కూడా దీంతో ముడిపడి ఉంది. మీరు పెట్టిన మార్పులకి కొనేవాడు విలువ కట్టడు. పైగా అనుమానిస్తాడు, వీడు దీన్ని ఎలా తోలాడో అని. అతని రుచి వేరు. అదే బండిని అసలు రూపంలో పెట్టి, తీసిన సామాన్లు విడిగా అమ్మితే రెండూ కలిపి వచ్చేది ఎక్కువ. కోసిన ఫ్రేము సంగతి మాత్రం అడగకపోయినా చెప్పాలి. ఆ వెనక సీటు మీద రేపు ఎవరింట్లోవాళ్లో కూర్చుంటారు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ మార్పులు చెప్పారో లేదో కూడా చూసుకోండి. చెప్పని మార్పు ఉంటే క్లెయిమ్ రోజున పేచీ వస్తుంది.

పోయిన డబ్బు గురించి రాత్రిళ్లు లెక్కేస్తున్నారు కదా, ఆ లెక్క ఒకసారి కాగితం మీద పెట్టి మూసేయండి. నిజంగా. అది మనసులో ఉన్నంతకాలం "ఇంత పెట్టాను కాబట్టి ఇలాగే ఉంచాలి" అని ఒకసారి, "ఇంత తగలేశాను కాబట్టి వదిలించుకోవాలి" అని ఇంకోసారి లాగుతూ ఉంటుంది. రెండూ బండికి సంబంధం లేని మాటలే.

అసలు రూపానికి వచ్చాక వెయ్యి కిలోమీటర్లు నడపండి. అప్పుడు కూడా ఏదో మార్చాలనిపిస్తే, పైసా ఖర్చు లేనివి ముందు. బ్రేకు, క్లచ్ లీవర్లు మీ ముంజేతికి వరసలో ఉండేలా కిందకి తిప్పడం. టైర్లలో గాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవడం. షాక్ స్ప్రింగు బిగువు మీ బరువుకి సరిచేయడం. ఈ చివరిది చాలామంది జన్మలో చేయరు. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి సీటు దాకా కొలవండి, మీరు ఎక్కి కూర్చున్నాక మళ్లీ ఎవరితోనైనా కొలిపించండి. మామూలు రోడ్డు బండికి తేడా సుమారు 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. మొదటిసారి ఇది చేయించుకున్నవాళ్లు తిరిగొచ్చి "ఏం మార్చారు?" అని అడగడం నాకు అలవాటే. స్ప్రింగు మీద రింగు రెండు మెట్లు తిప్పాను, అంతే.

డబ్బు పెట్టాలనిపిస్తే మంచి టైర్లు, మీ ఒంటికి సరిపోయే సీటు ఫోము, మంచి షాక్‌లు. ఈ మూడింటికీ పెట్టి ఏడ్చినవాడిని నేను దాదాపు చూడలేదు. బండి ఎత్తు తగ్గించడం జోలికి మాత్రం ఆలోచించకుండా పోకండి. ఒకాయన వెనక ఎత్తు తగ్గించుకుని సైడ్ స్టాండ్ పొడవు మార్చడం మరిచిపోయాడు. స్టాండ్ వేస్తే బండి నిటారుగా నిలబడేది. పక్క నుంచి ఎవరో ఆనుకోగానే అటువైపు పడి ట్యాంకు సొట్టపోయింది.

ఇక కొనడం తప్పా అన్న ప్రశ్న. ఆ వెయ్యి కిలోమీటర్ల తర్వాత కూడా బండి బరువు పార్కింగ్‌లో మిమ్మల్ని భయపెడుతుంటే, లేదా మూడో గేరు దాటే అవసరమే రాకపోతే, అవును, మీకు అంత బండి అక్కర్లేదు. ఎనభైలో సాఫీగా వెళ్లడానికి ఏ బండికైనా పది హార్స్‌పవర్ దాకా కూడా అక్కర్లేదు. మిగతాదంతా వేగం అందుకోవడానికి, మన సంతోషానికి. సంతోషం కోసం కొనడంలో తప్పు లేదు, అది దొరుకుతోందా అన్నదే చూసుకోవాలి. ఈసారి ఇంకో బండి చూస్తే మాత్రం పది నిమిషాల టెస్ట్ రైడ్‌తో తేల్చుకోకండి. పది నిమిషాల్లో తెలిసేది ఇంజినే. సీటు నొప్పి నలభయ్యో నిమిషంలో మొదలవుతుంది. ఇంజిన్ ఆపి, గేరు తీసి, బండిని వెనక్కి తోసి చూడండి. మీ ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని ఒక మలుపు తిరగండి.

ముందుగా ఆ కోత ఎక్కడుందో ఒక ఫొటో పెట్టండి, షాక్ బోల్టు కనబడేలా, సీటు తీసి. గొట్టం లోపల తుప్పు ఉందేమో తెలియాలంటే కోసిన నోటి వైపు నుంచి కూడా ఒకటి తీయండి. వెల్డింగ్‌కి వెళ్లొద్దు, అది చూశాక మాట్లాడుకుందాం. ఈలోగా ఎయిర్ బాక్స్ వెతికే పని మొదలుపెట్టండి. దొరికినప్పుడు దాన్ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు గొట్టాలు, అంటే బూట్లు, రెండూ కూడా అడిగి తీసుకోండి, అవి విడిగా దొరకడమే కష్టం.